వెనక చక్రం చప్పుడు

ముందు సైకిలు మళ్ళీ నెమ్మదించింది. వదిన తొక్కడం ఆపింది.

టిక టిక టిక టిక.

తొక్కడం ఆపితే చాలు, ఆమె వెనక చక్రం మొదలుపెడుతుంది. పెద్ద గోడగడియారానికి కీ ఇస్తున్నట్టుండే చప్పుడు. ఎదురుగాలి హోరులో కూడా వినపడుతుంది. కొత్త చక్రం. రెండు యాత్రల కిందట కెప్టెన్ తన చేత్తో బిగించి ఇచ్చాడు. “మంచి సరుకు వదినా. నీ ఓపికకి నా బహుమతి” అన్నాడు.

ఆ ఓపికే ఇప్పుడు అరికాళ్ళలో దురద పెడుతోంది. ఎడమపక్క సముద్రం రాళ్ళ మీద విరుచుకుపడుతోంది. కుడిపక్క కొండని కోసిన ఎర్రమట్టి గోడ. గుంపు ఎప్పుడో మలుపు తిరిగి మాయమైంది. ఈపాటికి టీ కొట్టు దగ్గర దిగి ఉంటారు. ఆమె చేరేసరికి గ్లాసులు కిందపెట్టి, హెల్మెట్లు బిగించుకుంటూ, “వచ్చావా వదినా, పద పద” అంటారు. ఎప్పుడూ అంతే. వేడి టీ తాగిన గుర్తే లేదు ఆమెకి.

కెప్టెన్ ఆమెకి మరిది. అతను వదినా అంటాడు కాబట్టి గుంపులో తాతయ్యలకి కూడా ఆమె వదినే. ఆమె భర్త సామాన్ల బండి నడుపుతాడు కాబట్టి ఆయన అందరికీ వ్యాన్ అన్నయ్య. జనాన్ని సైకిళ్ళ మీద తీరం వెంట తిప్పి తీసుకురావడం ఆ ముగ్గురి బతుకుతెరువు. అందరికన్నా ముందు కెప్టెన్. మధ్యలో సెలవు పెట్టుకుని సరదాగా వచ్చినవాళ్ళు. ఆఖర్న, మెరిసే పసుపుపచ్చ రేడియం కోటు తొడుక్కుని వదిన.

ఆ కోటుకో రూలుంది. రోజూ పొద్దున బయల్దేరేముందు కెప్టెన్ చెయ్యెత్తి అడుగుతాడు: “ఆఖరెవరు?” అందరూ కలిసి అరవాలి: “కోటు!” దారి రెండుగా చీలిన ప్రతిచోటా కెప్టెన్ తన వెనకున్న మనిషిని దింపి కాపలా పెడతాడు. ఆ మనిషి వచ్చేవాళ్ళకి చేత్తో దారి చూపిస్తూ నిలబడాలి. కోటు దాటేదాకా కదలకూడదు. కోటు దాటిందంటే వెనక ఇంకెవరూ లేనట్టు, వ్యాన్ తప్ప.

ఇన్నేళ్ళుగా వదిన చూసింది వీపుల్నే. ఎవరి భుజం ఏ వైపు వంగుతుందో, ఎవరు అలిసిపోయే ముందు మెడ రుద్దుకుంటారో చెప్పగలదు. మొహాలే సరిగ్గా గుర్తుండవు. అందుకే ఈసారి ఆమె గట్టిగా అడిగింది. కెప్టెన్ గట్టిగానే మాటిచ్చాడు. “ఈ యాత్ర ఏ గోలా లేకుండా, వేళకి లైట్‌హౌస్ చేరిందనుకో, వచ్చే బ్యాచ్‌కి ముందు నువ్వే వదినా. నేను కావాలంటే వెనకొస్తాను.”

ఏ గోలా లేకుండా. వేళకి. ఆమె ముందున్న వీపు వైపు చూసింది.

జేబులున్న పాత యూనిఫాం చొక్కా. అద్దెకి తెచ్చిన బరువు సైకిలు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో వాళ్ళు వద్దన్నా ఒక్కతే వచ్చింది. నిన్న, మొదటిరోజు, గుంపుకి ఒక మలుపు వెనకుంది. ఇవాళ కొండంత దూరం వెనకుంది.

వ్యాన్ పక్కకొచ్చి నెమ్మదించింది. వ్యాన్ అన్నయ్య అద్దం దించి తల బయటపెట్టాడు.

“ఎక్కుతారా కండక్టరమ్మా? ఫ్యాను కూడా ఉంది.”

“జీవితమంతా జనాన్ని ఎక్కించాను బాబూ. నన్నెక్కమంటున్నావా?”

“టికెట్ అడగనులెండి.”

“అడిగినా అడక్కపోయినా నేనెక్కను.” ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది. రొప్పుతోంది. మెడ రుద్దుకుంటోంది.

వ్యాన్ అన్నయ్య భార్య వైపు చూసి పెదవి విరిచి వెనక్కి తగ్గాడు. వదిన హ్యాండిల్ మీద వేళ్ళు ఆడించింది. ఏమీ అనలేదు. వెనకపడ్డవాళ్ళని ఎప్పుడూ ఏమీ అనదు. అది ఆమె గొప్ప. పోయిన రెండు యాత్రల్లోనూ వెనకపడ్డవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే దిగి, సైకిలు వ్యాన్ మీదకెక్కించి, తలుపు వేసుకున్నారు. “నీ చేతి చలవ వదినా” అన్నాడు కెప్టెన్. ఆమె నమ్మింది.

టిక టిక టిక టిక.

ముందు వీపు కొంచెం బిగుసుకుంది.

*

మూడోరోజు పొద్దున్నే వాన పట్టుకుంది.

కెప్టెన్ ముందు, గుంపు వెనక, టోపీల అంచుల్లోంచి నీళ్ళు కార్చుకుంటూ పోతున్నారు. కాసేపటికి వదిన ముందు ఇద్దరు మిగిలారు. ఒకరు కండక్టరమ్మ. రెండోవారు పళ్ళ డాక్టరు. ఆయన వెనకపడే మనిషి కాదు, పంక్చరై ఆగాడు. వదిన రోడ్డుపక్క మోకాళ్ళ మీద కూర్చుని టైరు ఊడదీసింది. ట్యూబుని గుంటలో నిలిచిన వాననీళ్ళలో ముంచి, బుడగలొచ్చే చోట బొటనవేలు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ప్యాచ్ వేసి అరచేత్తో అదిమి పట్టుకుంది. డాక్టరు గాలి పంపు పట్టుకుని గజగజ వణుకుతున్నాడు. ఆయన వానకోటు వ్యాన్‌లో ఉంది. పొద్దున్నే హుషారుగా, వానేం చేస్తుందిలే అనుకుని సామాన్లలో పడేశాడు. వ్యాన్ వెనకెక్కడో పెట్రోలు బంకులో ఆగింది.

“మీ పళ్ళే టకటకలాడుతున్నాయేంటి డాక్టరుగారూ?” అంది వదిన.

“నవ్వకండి వదినా. న్యుమోనియా వస్తే మీదే బాధ్యత.”

ఆమె రేడియం కోటు విప్పి ఆయన మీదకి విసిరింది. “వేసుకోండి. గాలి ఆపుతుంది. ముందు టీ కొట్టు దగ్గర ఇచ్చెయ్యండి.”

ఆయన తొడుక్కున్నాడు, సైకిలెక్కాడు, వానలో బాణంలా పోయాడు. చలికి తొక్కాడు పాపం. వదిన చేతులు తుడుచుకుని కండక్టరమ్మ వెనక చేరింది.

మొదటి చీలిక దగ్గర ఎవరూ లేరు.

వదిన కాళ్ళు నేలకానించింది. ఎడమకో రోడ్డు. కుడికో రోడ్డు. రెండూ నల్లగా, ఖాళీగా, తడిసి ఉన్నాయి. ఒక్క క్షణం ఆమెకి అర్థం కాలేదు. తర్వాత తన చొక్కా వైపు చూసుకుంది.

కోటు. కోటు దాటిపోయింది. వానలో మొహాలెవరు చూస్తారు? పసుపుపచ్చగా మెరిస్తే చాలు, కాపలావాళ్ళు హమ్మయ్య అనుకుని సైకిలెక్కేసి ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు. దారి పొడుగునా.

ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. వెనక్కి చూసింది. డాక్టరు పోయాక చేతులు తుడుచుకుంటుండగా హారన్ కొట్టి పోయిన తెల్లబండి గుర్తొచ్చింది. అది తమ వ్యానే. కోటు కనిపించేదాకా పోవడమే ఆయన పని.

“ఎటు?” అంది కండక్టరమ్మ.

“మీకు తెలియదా? ఈ రోడ్డు మీదేగా డ్యూటీ చేసింది?”

“నాకు స్టాపులు తెలుసమ్మాయ్. దారి డ్రైవరుకి తెలుసు. నేను వెనక్కి తిరిగి నిలబడేదాన్ని.” ఆమె కళ్ళజోడు తుడుచుకుంది. “నువ్వు?”

వదినకి ఈ తీరం కొత్త. అయినా, ఏ తీరమైనా ఒకటే. మలుపులో మనిషి చెయ్యి చూపిస్తే తిరగడమే తప్ప దారి చూసుకునే అలవాటు ఆమెకెప్పుడూ లేదు. ఒకరు వెనక్కి తిరిగి బతికారు, ఒకరు వెనక ఉండి బతికారు. ఇద్దరూ కలిసి ఎడమకి తిరిగారు.

ఆ రోడ్డు పడవల రేవులోకి దిగి ఆగిపోయింది. బోర్లించిన పడవలు, వల కింద పడుకున్న ఓ కుక్క. అది తలెత్తి వాళ్ళని చూసి, మళ్ళీ పడుకుంది. వెనక్కి తిరిగి ఎక్కుతుంటే కండక్టరమ్మ చైను పడిపోయింది.

చీలిక దగ్గర పైకప్పు సగం పోయిన బస్ షెల్టరుంటే అందులో సైకిలు తలకిందులుగా నిలబెట్టి వదిన చైను ఎక్కించసాగింది. కండక్టరమ్మ గట్టు మీద కూర్చుని చొక్కా జేబులోంచి రొట్టెముక్క తీసి సగం తుంచి ఇచ్చింది.

“అమ్మాయ్, ఒకటడుగుతాను. ఏమనుకోవుగా?”

“అడగండి.”

“ఆ చప్పుడు ఆపగలవా?”

“ఏ చప్పుడు?”

“నీ వెనక చక్రం. మొన్నట్నుంచీ వీపులో మేకులు దిగుతున్నట్టుంది. నేను తొక్కలేకపోతున్నానని నాకు తెలుసు. అడుగడుక్కీ గుర్తు చెయ్యాలా?”

వదిన చేతిలో చైను జారింది. “నేనేం చెయ్యలేదండీ. తొక్కడం ఆపితే అదే మోగుతుంది.”

“అదే చెప్తున్నా. నేను చచ్చీచెడీ తొక్కుతుంటే వెనకాల నువ్వు తొక్కకుండానే వస్తున్నావని వినపడుతుంది.” కోపంగా అనలేదు. రొట్టె నములుతూ అంది. “నేనూ చేసేదాన్నిలే. టికెట్లు కొట్టే పంచ్ ఉండేది చూడు, స్టాపు రాబోతుంటే దాంతో కడ్డీ మీద టకటకా కొట్టేదాన్ని. నోరు విప్పే పనే లేదు. ముసలివాళ్ళు కంగారుపడి బస్సు ఆగకముందే లేచేవాళ్ళు. ఒకాయన నా కాళ్ళ మీదే పడ్డాడు. అయినా మానలేదు. మన బస్సు లేటవకూడదు కదా!”

వాన షెల్టరు రేకు మీద దరువేస్తోంది. వదిన చైనుని పళ్ళచక్రం మీద ఒక్కో లంకె కూర్చోబెట్టి పెడల్ తిప్పింది.

“వ్యాన్ ఎక్కితే ఏం పోయిందండీ? అందరూ ఎక్కుతారు.”

“ఇదే రోడ్డమ్మాయ్. ఇన్నేళ్ళూ ఇదే రోడ్డు. బస్సు నిండా జనం, కిటికీలకి జనం. సముద్రం ఉందని వాసనని బట్టి తెలిసేది. ఒక్కసారి ఇంజిన్ చప్పుడు లేకుండా చివరిదాకా పోదామని వచ్చాను. మధ్యలో బండెక్కానంటే మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టే.” ఆమె లేచి చేతులు దులుపుకుంది. “లైట్‌హౌస్ అనేది మా ఆఖరి స్టాపు. దాన్ని ఒక్కసారీ తలెత్తి చూళ్ళేదంటే నమ్ముతావా? అక్కడ దిగేవాళ్ళ టికెట్లు చించడమే సరిపోయేది.”

వాళ్ళు లాడ్జి చేరేసరికి మిగతావాళ్ళు స్నానాలు చేసి, పొడిబట్టలు వేసుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. కెప్టెన్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు.

“ఇవాళ మధ్యాహ్నం పడవ షికారు పోయింది. ఎందుకు పోయిందో అందరికీ తెలుసు. నేనెవర్నీ వేలెత్తి చూపించను. ఎవరి శక్తి ఎంతో వాళ్ళు తెలుసుకుంటే మిగతావాళ్ళ సెలవు పాడవదు. అంతే.”

బల్ల చుట్టూ తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. కండక్టరమ్మ జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పళ్ళ డాక్టరు పళ్ళెంలోకి చూస్తున్నాడు. ఆయన కుర్చీ వెనక రేడియం కోటు వేలాడుతూ నేల మీద మడుగు కడుతోంది.

వదిన నోరు తెరిచింది. వచ్చే బ్యాచ్‌కి ముందు నువ్వే. నోరు మూసుకుంది.

“ఆ ఉప్పిలా ఇవ్వండి” అంది కండక్టరమ్మ.

భోజనాలయ్యాక వరండాలో కెప్టెన్ సైకిళ్ళ టైర్లు ఒక్కోటీ నొక్కి చూస్తున్నాడు. వదిన వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“కోటు నేనే డాక్టరుగారికిచ్చాను. తప్పు నాది. ఆవిడది కాదు.”

“తెలుసు వదినా. డాక్టరుగారు రాగానే చెప్పాడు.”

“తెలిసే అన్నావా?”

“నెమ్మదిగా మాట్లాడు.” అతను చుట్టూ చూశాడు. “రేపు ఘాట్ ఎక్కాలి. వెలుతురుండగా లైట్‌హౌస్ దగ్గర అందరికీ ఫోటో తియ్యాలి. ఆ ఫోటో చూసే కదా కొత్తవాళ్ళు వచ్చేది. ఈవిడతో ఘాట్ ఎక్కితే చీకటిపడుతుంది. నలుగురిలో అన్నాను కదా, సిగ్గుపడి తనే ఎక్కుతుంది. ఎక్కలేదనుకో, నువ్వున్నావుగా.”

“నేనేం చేస్తాను? నేనెవర్నీ ఒక్క మాట అనను.”

“అందుకే కదా నువ్వు కావాలి. నువ్వు అనవు, చక్రం అంటుంది.” కెప్టెన్ నవ్వాడు. వంగి ఆమె సైకిలు వెనక చక్రాన్ని ఎత్తి ఒక్క తిప్పు తిప్పాడు. టికటికటికటిక. వరండా అంతా మోగింది. “ఎందుకనుకున్నావు ఇది నీకిచ్చింది? కొట్లో ఒక్కోటీ తిప్పి చూసి, అన్నింట్లోకీ గట్టిగా మోగేది ఏరుకొచ్చాను. ఎవర్నీ పొమ్మనక్కర్లేదు, ఎవరికీ కోపం రాదు. పోయినసారి ఆ లెక్కలమాస్టారు గుర్తున్నాడా? కళ్ళనీళ్ళు పెట్టుకుని ఎక్కాడు. దిగేటప్పుడు నీకే దణ్ణం పెట్టాడు, ఎంత ఓపికమ్మా అని.”

గుర్తున్నాడు. ఆయన ఎడమ భుజం వంగి ఉండేది.

చక్రం నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగింది.

“రేపు ఘాట్ మొదట్లో ఆవిడ వ్యాన్‌లో ఉండాలి వదినా. వచ్చే బ్యాచ్ సంగతి నీ చేతిలో ఉంది.”

*

“ఆఖరెవరు?”

“కోటు!”

పొద్దున వాన వెలిసింది. రోడ్డంతా కడిగినట్టుంది. గాలి దిక్కు మార్చి వీపు తడుతోంది. గుంపు కేకలు వేసుకుంటూ ముందుకి పోయింది. వదిన, కండక్టరమ్మ, వ్యాన్ మిగిలారు.

వెనకగాలి సైకిలుని దానంతటదే నెడుతోంది. తొక్కక్కర్లేదు. వదిన కాళ్ళు ఆపబోయి, టిక్ అన్న మొదటి చప్పుడుకే ఉలిక్కిపడి మళ్ళీ తొక్కింది. తొక్కితే ముందు చక్రం వెళ్ళి కండక్టరమ్మ వెనక చక్రానికి తగలబోయింది. బ్రేకు పట్టింది. తొక్కడం ఆపితే చప్పుడు, తొక్కితే గుద్దుడు. చివరికి అన్నిటికన్నా తేలిక గేరులో వేసుకుని, ఒక చేత్తో బ్రేకు సగం నొక్కిపట్టి, బ్రేకుకి ఎదురుగా తొక్కడం మొదలుపెట్టింది.

అది పని కాదు, శిక్ష. బస్తా కట్టుకుని నడుస్తున్నట్టుంది. తొడలు మండాయి. బ్రేకు రబ్బర్లు చక్రానికి రాసుకుని కాలిన వాసన వేస్తోంది. కానీ చప్పుడు లేదు.

కండక్టరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి ఆమె భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందకి దిగాయి. ఇంకాసేపటికి మెడ ఎడమకి తిరిగింది. సముద్రం వైపు. ఆమె ఏదో కూనిరాగం తీస్తున్నట్టు గాలిలో ముక్కలుగా వినబడింది.

వీపులు చదవడం వచ్చిన వదిన, ఒక వీపు ఇలా మారడం ఎప్పుడూ చూడలేదు.

ఘాట్ మొదట్లో గుంపంతా ఆగి ఉంది. వ్యాన్ అన్నయ్య ముందే వచ్చి పక్క తలుపు తెరిచిపెట్టాడు. తమ్ముడు ఫోన్ చేసి చెప్పి ఉంటాడు. కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“రండి కండక్టరమ్మా. బాగా తొక్కారు. ఇక్కడ్నుంచి బండిలో కూర్చుంటే పైన కలుద్దాం.”

“నేనెక్కను బాబూ.”

“మిగతావాళ్ళ గురించి కూడా ఆలోచించాలి కదమ్మా.” అతను నవ్వు చెదరకుండానే వదిన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఏంటి వదినా? చప్పుడే లేదు?”

వదిన సైకిలు దిగింది. కోటు జిప్పు లాగింది. విప్పింది. కండక్టరమ్మ వెనక్కి వెళ్ళి, చంటిదానికి తొడిగినట్టు ఒక చెయ్యి, రెండో చెయ్యి దూర్చి, ముందుకొచ్చి జిప్పు మెడదాకా పెట్టింది.

“కోటు ఈవిడది” అంది.

కెప్టెన్ కనుబొమలు దగ్గరికొచ్చాయి. “ఏంటిది?”

“ఆఖరెవరు?” అంది వదిన, రోజూ అతను అడిగే గొంతుతోనే.

వెనకాల ఎవరో, అలవాటు కొద్దీ, “కోటు!” అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“ఆటలొద్దు వదినా. లోపల ఎక్కించు.”

“కోటు వ్యాన్‌లో ఎక్కితే వ్యానే ఆఖరవుతుంది. నీ రూల్లో అలా లేదు మరిదిగారూ.”

“రూలు నేను పెట్టాను!”

“అందుకే అడుగుతున్నా.”

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. “నిన్న కోటు నా దగ్గరుంది” అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. “ఆలస్యం కండక్టరమ్మ వల్ల కాలేదు. నా వల్ల అయింది. కోటు ముందు పోతే ఏమవుతుందో నిన్న చూశాం కదా. నేను మలుపులో కాపలా ఉంటాను కెప్టెన్. ఎంతసేపైనా.”

గుంపులో గుసగుసలు లేచాయి. కండక్టరమ్మ కోటు అంచులు లాక్కుని, జేబులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటోంది.

కెప్టెన్ దగ్గరికొచ్చాడు. “వచ్చే బ్యాచ్ సంగతి మర్చిపో.”

“సరే.” ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. “నువ్వు పద. మలుపులకి మనుషుల్ని పెట్టు.”

అతను సైకిలెక్కి వెనక్కి చూడకుండా పోయాడు. ఒక్కొక్కరే కదిలారు.

వదిన కూడా ఎక్కింది. ముందు రోడ్డుంది. ఆమె తొక్కింది. ఎవరి వేగానికో కాళ్ళు కట్టేసుకోకుండా, తన బలమెంతో అంతా తొక్కింది. అరికాళ్ళ దురద మొదటి మలుపులోనే పోయింది. రెండో మలుపులో ఇద్దర్ని దాటింది. మూడో మలుపులో గుంపులో ఎప్పుడూ వీడియోలు తీసుకునే బావాబావమరుదులిద్దరు కాపలా ఉన్నారు. ఆమెని చూడగానే లేచి హెల్మెట్లు అందుకున్నారు.

“వదిన వచ్చేసింది, పద బావా!”

“కూర్చోండి నాయనా. నేను కాదు, కోటు వెనకొస్తోంది.”

“ఎంత వెనక?”

“వచ్చినప్పుడు వస్తుంది.”

వాళ్ళు మొహాలు చూసుకుని మళ్ళీ రాతి మీద కూర్చున్నారు. కాసేపు ఫోను లేకుండా సముద్రం వైపు చూశారు.

కొండ కొన దగ్గర ఆమె ఆగి కిందకి చూసింది. మెలికలు తిరిగిన రోడ్డు మీద పసుపుపచ్చ చుక్క. నడుస్తోంది. సైకిలు తోసుకుంటూ, మలుపు మలుపుకీ ఆగి, మళ్ళీ కదులుతోంది. దాని వెనక వ్యాన్ పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నట్టు మెల్లగా వస్తోంది. అవతలివైపు, దిగువన, తెల్లగా లైట్‌హౌస్. ఎండ అప్పటికే పచ్చబడింది.

దిగడం మొదలుపెట్టింది. మొదటి మలుపులో బ్రేకు నొక్కితే సైకిలు ఆగలేదు. రెండు బ్రేకులూ కలిపి, కాలు నేలకి రాసి, రోడ్డు అంచుకొచ్చాక ఆగింది. పొద్దుటి తొక్కుడుకి రబ్బర్లు అరిగి రేకు తేలాయి. పక్కకి లాక్కెళ్ళి, రాయి మీద కూర్చుని, బ్రేకు తీగ లాగి బిగించి, మిగిలిన కాస్త రబ్బరునీ చక్రానికి ఆనేలా సర్దసాగింది. వేలు కోసుకుంది. పనిలో తల ఎత్తలేదు.

చప్పుడు వినపడి ఎత్తింది.

టికటికటికటిక. పాత సైకిలు, పాత ఫ్రీవీల్, బొంగురు చప్పుడు. మలుపులోంచి కండక్టరమ్మ ఊడిపడింది. కోటు గాలికి బుట్టలా ఉబ్బింది. కాళ్ళు రెండూ పెడల్స్ మీంచి ఎత్తేసి బారచాపింది. నోరు తెరుచుకుని ఉంది. అరుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కళ్ళు మొత్తం సముద్రం మీదున్నాయి. వదినని చూడలేదు. దాటిపోయింది.

వెనకే వ్యాన్ వచ్చి ఆగింది.

“ఏమైంది?” అన్నాడు వ్యాన్ అన్నయ్య.

“బ్రేకులు.”

“ఎక్కుతావా?”

ఆమె వేలి రక్తం చొక్కాకి తుడుచుకుంది. “నేనెక్కను.”

ఆయన భార్యని కాసేపు చూశాడు. నవ్వాపుకున్నాడు. “నేను కోటు వెనకుండాలి మరి. రూలు.”

“పొండి. ఎవరాపారు?”

వ్యాన్ పోయింది. కొండ మీద ఎవరూ లేరు. కోటు దాటిపోయింది కాబట్టి కింద కాపలావాళ్ళు ఒక్కొక్కరే లేచిపోతూ ఉంటారు. నిన్నటిలాగే. లైట్‌హౌస్ దగ్గర అందరూ వరసగా నిలబడతారు. ఫోటో తీస్తారు. ఎప్పటిలాగే ఆమె చేరేసరికి టోపీలు తీసి తలలు తుడుచుకుంటూ ఉంటారు. ఆమె ఇంకో రెండు మెలికలు తీగని బిగించింది. తొందర లేదు. ఈసారి కోటు కూడా లేదు. ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియక్కర్లేదు.

అడుగడుక్కీ బ్రేకు చూసుకుంటూ దిగింది. తర్వాతి మలుపు ఖాళీ. ఆ తర్వాతిదీ ఖాళీ. కొండ పాదంలో రోడ్డు రెండుగా చీలింది. ఎటో కనుక్కోవాలనుకుంటూ తల ఎత్తింది.

చీలిక మధ్యలో కండక్టరమ్మ నిలబడి ఉంది. ఒక చెయ్యి లైట్‌హౌస్ వైపు బారుగా చాపింది. రెండో చేత్తో పళ్ళ డాక్టరు సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఉంది. వ్యాన్ పక్కన ఆగి ఉంది. దాని నీడలో బావాబావమరుదులు చతికిలబడ్డారు.

“ఎక్కడాగిపోయావ్ తల్లీ? కాళ్ళు పీకేస్తున్నాయి” అంది.

“నేను కోటు చూసి బయల్దేరబోయానండీ” అన్నాడు డాక్టరు దీనంగా. “మీరు వెనకున్నారని వ్యాన్ అన్నయ్య చెప్పాడు, ఈవిడ నా హ్యాండిల్ పట్టేసుకుంది. ‘ఇంకో మనిషి రావాలి, బండి కదలదు’ అంది. వెలుతురు పోతోందని కెప్టెన్ ఫోన్ మీద ఫోన్.”

“ఏం చెప్పారు?”

“ఆవిడే తీసింది. ‘స్టాపులో మనిషుంది’ అని పెట్టేసింది.”

వదిన సైకిలు మీద అలాగే నిలబడింది. దారిలో తన కోసం ఒక మనిషి నిలబడి ఉండగా చేరడం ఆమెకి కొత్త. గంట బటను మీద బొటనవేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“చూస్తావేం? ముందు నడువు. నేను వెనకొస్తాను” అంది కండక్టరమ్మ.

వదిన ముందు కదిలింది. లైట్‌హౌస్ దాకా రోడ్డు కొంచెం వాలుగా, తిన్నగా ఉంది. వదిన కాళ్ళలో సత్తువ లేదు, మెల్లగా తొక్కుతోంది. వెనక మొదలైంది.

టిక. టిక. టిక. టిక.

ఆ చప్పుడు వీపు మీద ఎక్కడ తగులుతుందో వదినకి మొదటిసారి తెలిసింది. మెడ కింద, రెండు భుజాల మధ్య. భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. ఇంకా గట్టిగా తొక్కబోయింది.

ఇంతలో చప్పుడు ఆగిపోయింది. బ్రేకు రబ్బరు చక్రానికి రాసుకుంటున్న కిర్రు మాత్రం సన్నగా వినపడుతోంది.

వెనకాల, పీకుతున్న ఆ కాళ్ళతోనే, కండక్టరమ్మ తొక్కుతోంది.